జవాబు లేని గది

రెండో వారం, గురువారం

అడుగుపేటలో నాకో పేరు పెట్టేశారు: మైకమ్మ. మా అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టుకున్న హైమవతి అనే పేరు సముద్రం పైనే ఉండిపోయింది. నేనిక్కడికి దిగింది ఊరి పాత స్పీకర్లు తీసేసి కొత్తవి బిగించడానికి. నాలుగు గుమ్మటాలు, వాటిని కలుపుతూ గొట్టాలు, నడిమధ్య సంత. ఊరంటే అంతే. తమ ఇళ్ళను ఏ సముద్రం మింగిందో దాని అడుగునే మళ్ళీ ఇళ్ళు కట్టుకుని కూర్చున్న మొండి జనం వీళ్ళు. నాకు తెగ నచ్చేశారు.

కంపెనీకి పంపే రిపోర్టు వేరే ఉంది. అందులో వైర్లు, నట్లు, బోల్టులు. ఇది నా కోసం రాసుకుంటున్నాను. పైకి వెళ్ళాక నోటితో చెబితే ఎవరూ నమ్మరు.

ఈ రోజు టీకొట్టు దగ్గర ఊరి పెద్ద సింహాద్రి మావయ్యను అడిగాను, ఈ స్పీకర్లలో ఏమేం చెబుతారని. "నీళ్ళ ఏళ, కూరకి నాసు పంపకం, సంత గంట. అంతేనమ్మా" అన్నాడు.

"మరి ఏదైనా ప్రమాదం వస్తే?" అన్నాను.

టీకొట్టు మొత్తం నోరు మూసుకుంది. గ్లాసులు కడిగేవాడు కూడా చేతులు ఆపేశాడు. నేను ఉంటున్న ఇంటి యజమానురాలు అప్పయ్యమ్మ పిన్ని నా రెక్క పట్టుకుని, చిన్నపిల్లను లాక్కొచ్చినట్టు ఇంటికి లాక్కొచ్చింది. తలుపు వేశాక గానీ మాట్లాడలేదు.

"ఆ మాట బైట అనకూడదే అమ్మాయ్. మాకు తలుపు రోజని ఒకటున్నాది. అప్పుడెవడో గొట్టంలో నిలబడి నీళ్ళొచ్చీసినాయని అరిసీసినాడు. సుక్క నీరు రానేదు. గానీ జనం తలుపు కాడికి పరిగెట్టీసినారు. ఆ తలుపు లోపలికి తెరుసుకుంటాది. ఎనకోళ్ళు నెట్టీసినారు, ముందోళ్ళు తియ్యనేకపోనారు. సిమ్మాద్రి అన్నియ్య కూతురు ముందోళ్ళల్లో ఉన్నాది."

అప్పటి నుంచి ఊళ్ళో భయం మాట బయట అనకూడదు. ఎవరికైనా ఏదైనా కనబడితే ఊరి పెద్ద చెవిలో చెప్పాలి. ఇంకెవరికీ చెప్పకూడదు. గోడల మీద గాలి బాగోలేదని చెప్పే ఎర్ర దీపాలను కూడా పీకేశారట. పచ్చ దీపాలే మిగిలాయి. గాలి బాగున్నా బాగోకపోయినా అవి వెలుగుతూనే ఉంటాయి.

"మరి కడుపులో ఉన్నది ఎక్కడ కక్కుకుంటారు పిన్నీ?" అని అడిగాను.

"రేపు సూద్దువు గాని" అని నవ్వింది.

రెండో వారం, శుక్రవారం

చూశాను. ఇంకా ఆశ్చర్యం తీరలేదు.

సంత పక్కనే ఒక గుండ్రటి గది ఉంది. దాని పేరు వాగుడు గది. శుక్రవారం మధ్యాహ్నం గంట కొట్టగానే అందరూ వెళ్ళి కూర్చుంటారు. ఎవరైనా లేచి ఏమైనా అనొచ్చు. కేసు ఉండదు, పగ ఉండదు, మొహం ముడుచుకోవడం ఉండదు. ఒక కోడలు అత్తగారి పిసినారితనాన్ని అభినయంతో సహా చూపించింది. అత్తగారు పక్కనే కూర్చుని ఉంది! దేవుడు లేడని ఒకాయన, ఉన్నాడు గానీ చెవిటివాడని ఇంకొకాయన. తవిటయ్య అని గొట్టాలకు పట్టిన గుల్లలు గీకే మనిషి లేచి, సింహాద్రి మావయ్యను గుడ్డి పీత అన్నాడు. మావయ్య చేతులు కట్టుకుని విన్నాడు. తవిటయ్య ప్రతివారం ఎవరినో ఒకరిని తిడతాడట. తిట్టని వారం జ్వరం వచ్చిందేమోనని అనుకుంటారట.

రెండో గంట కొట్టారు. గుమ్మం దగ్గర ఉప్పునీళ్ళ కుండ ఉంది. అందరూ వరసగా నోరు పుక్కిలించి ఉమ్మేసి బయటికొచ్చారు. అన్న మాట, విన్న మాట అక్కడే వదిలేయాలి. ఆ అత్తాకోడళ్ళు కబుర్లాడుకుంటూ చేపలు కొనడానికి వెళ్ళిపోయారు.

పైన మా ఆఫీసులో మేనేజరు చొక్కా బాగోలేదనాలన్నా అటూ ఇటూ చూసుకోవాలి. ఇంత స్వేచ్ఛ నేనెక్కడా చూడలేదు. రాత్రి అన్నం తింటూ పిన్నితో అదే అన్నాను. ఆవిడ రెండు షరతులు చెప్పింది. గదిలో ఒకరు మాట్లాడితే ఇంకొకరు జవాబు ఇవ్వకూడదు. ప్రశ్న కూడా వెయ్యకూడదు. ఎవరి మాట వారిదే. ఇక గదిలో మాట బయటికి తెస్తే అది మాట మోత. మోసినవాళ్ళకు నెల రోజులు పలుకుబందు.

"అంటే మాట్లాడకూడదా?"

"మాటాడొచ్చు. ఎవులూ బదులు పలకరు. పలికితే ఆలకీ పలుకుబందే."

నాలుగో వారం, శుక్రవారం

ఈ రోజు తవిటయ్య ఎవరినీ తిట్టలేదు.

"ఉత్తర గొట్టం అతుకు కాడ బుస్సుమంటన్నాది. సెవి పెట్టి ఇన్నాను. అది పగిలీసిందంటే మనం సేపలకి మేతే. సిమ్మాద్రికి సెప్పినాను. గేజీ ముల్లు బాగున్నాదన్నాడు. గేజీ ఆ సివర ఉన్నాది, అతుకు ఈ సివర ఉన్నాది" అని చెప్పి కూర్చున్నాడు.

నా నాలుక దురద పెట్టింది. ఏ అతుకు? ఎన్నాళ్ళ నుంచి? చెమ్మ మాత్రమేనా, ధారగా కారుతోందా? అడగడానికి వీల్లేదు. ఎవరూ అడగలేదు కూడా. ఇంకొకావిడ లేచి తన మొగుడి గురక గురించి చెప్పింది. గంట కొట్టారు. అందరితో పాటు నేనూ పుక్కిలించి ఉమ్మేశాను. బయటికొచ్చాక తవిటయ్య వక్కపొడి కొనుక్కుని, రొయ్యల రేటు అడుగుతున్నాడు.

"పిన్నీ, ఆ గొట్టం..." అన్నాను. ఆవిడ అరచెయ్యి నా నోటి మీద పడింది.

ఐదో వారం, మంగళవారం

ఈ ఊరి వాళ్ళు ఏమీ వినలేదు. ఎంత బాగా వినలేదంటే, ఉత్తర గొట్టంలో ఆరేసే బట్టలన్నీ మాయమయ్యాయి. బడిపిల్లలు దగ్గర దారి మానేసి పడమర నుంచి చుట్టు తిరిగి వెళ్తున్నారు. ఎందుకమ్మా అని ఒక తల్లిని అడిగితే "ఊరికినే. పిల్లలకి నడక మంచిది గదా" అంది.

మేముండేది దక్షిణ గుమ్మటం, ఉత్తర గొట్టానికి బాగా దూరం. మా ఇంటికి చుట్టాలు దిగుతున్నారు. పిన్ని ఆడపడుచు పీతల పులుసు తినాలనిపించిందని వచ్చింది. పులుసు అయిపోయింది గానీ ఆవిడ వెళ్ళలేదు. సాయంత్రానికి ఆవిడ మొగుడు, పిల్లలు, పరుపులు వచ్చాయి. ఎదురింటికి వచ్చినవాళ్ళకు తమ ఇంటి గోడ చల్లగా ఉండి నిద్ర పట్టడం లేదట. పక్కింటి వాళ్ళ బావమరిదికి కలలో అమ్మవారు కనబడి దక్షిణం వైపు తలపెట్టి పడుకోమందట. కలలో అమ్మవారి చీర ఏ రంగుదని నేను అడిగితే పాపం తడుముకున్నాడు.

నాకు మొదట భలే నవ్వొచ్చింది. ఊరు ఊరంతా ఒకే భయం పెట్టుకుని, ఆ సంగతి పక్కవాడికి తెలియనట్టు నటిస్తోంది. పక్కవాడూ అంతే. రాత్రి కాళ్ళు చాపుకోవడానికి చోటు లేక గోడకు ఆనుకుని పడుకున్నాను.

ఐదో వారం, బుధవారం

లేచేసరికి తల దిమ్ముగా ఉంది. ఇంట్లో అందరికీ అంతే. పిన్ని మాత్రం సంతోషంగా ఉంది. కోడలు దాలమ్మకు మూడు నెలల పాప. పుట్టినప్పటి నుంచి రాగాలు తీసే పిల్ల, రెండు రోజులుగా గుక్క పట్టడం లేదు.

"బంగారు తల్లి, బుద్ధొచ్చీసినాది. పడుకుంటే లెగడం నేదు" అని పిన్ని మురిసిపోయింది.

పాల కోసం లేపితే పాప కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసేసింది. నాకు ఎందుకో అది నచ్చలేదు. గొట్టాల్లో పనికి వెళ్ళేటప్పుడు కంపెనీ వాళ్ళు నాకొక గాలి మీటరు ఇచ్చారు. తీసి ఇంట్లో పెట్టి చూశాను. గోడ మీద పచ్చ దీపం చక్కగా వెలుగుతోంది. మీటరు మాత్రం పని ఆపి బయటికి వెళ్ళమంటోంది.

ఒక గుమ్మటానికి సరిపడే గాలిని దాదాపు ఊరంతా కలిసి పీలుస్తోంది. వంటగదిలోకి పిలిచి పిన్నికి ఆ మీటరు చూపించాను. ఆవిడ అంకెలు చూడలేదు, పాప మొహం చూసింది. ఆ తరవాత పాపను దించలేదు.

ఐదో వారం, బుధవారం సాయంత్రం

సింహాద్రి మావయ్య చెవిలో చెప్పాను. పద్ధతి ప్రకారమే చెప్పాను.

ఆయన తెలివితక్కువ మనిషి కాదు. గాలి యంత్రాన్ని ఇదివరకే పూర్తిగా పెంచేశాడట. అంతకంటే అది లాగలేదు.

"అయితే అందరినీ ఇళ్ళకు వెళ్ళమనండి మావయ్యా."

"ఎందుకొచ్చినారని అడగాలి గదమ్మా. అడిగితే గదిలో మాట మోసినట్టే."

"పోనీ, ఉత్తర గొట్టం బాగానే ఉందని మైకులో చెప్పండి."

"బాగున్నాదని సెప్తే, బాగోనేదని ఎవులన్నారని అడగరా?" అన్నాడు. ఆయన చొక్కా ఎడమ చెయ్యి మోచేతి దాకా తడిసి ఉంది. ఉత్తరం వైపు నుంచే వచ్చాడని అర్థమైంది. "ఎల్లి సూసొచ్చినాను. తవిటిగాడిది నిజవే. కారతన్నాది. గానీ కొంచెం. రబ్బరు పట్టీలేసి వారంలో కుట్టీవొచ్చు."

"ఆ ముక్క చెబితే చాలు కదా! సగం మంది లేచి వెళ్ళిపోతారు."

"కారతన్నాది అనే దాకా ఇంటారు. కొంచెం అనే మాట ఇనరమ్మా. అప్పటికే పరిగెడతా ఉంటారు." తడి అరచెయ్యి చూసుకున్నాడు. "నా కూతురి సెయ్యి పట్టుకుని లాగినాను. సెయ్యి దొరికినాది గానీ మడిసి రానేదు. ఈ ఊరు మరోపాలి పరిగెట్టకూడదు."

నాకు ఏడుపొచ్చింది. అయినా ఊరుకోలేకపోయాను. "పరిగెత్తేశారు మావయ్యా. అందరూ ఒకే గుమ్మటంలోకి వచ్చి పడ్డారు. ఈసారి చప్పుడు చెయ్యలేదు, అంతే తేడా."

నేను వచ్చేసే దాకా ఆయన తడిసిన చొక్కా చెయ్యి పిండుకుంటూ కూర్చున్నాడు.

ఐదో వారం, గురువారం

మైకు గదిలో కూర్చున్నాను. స్విచ్చు నా వేలి కింద ఉంది. ఊళ్ళో ప్రతి గోడకూ నా స్పీకరే. నొక్కలేదు.

తలుపు లోపలికి తెరుచుకుంటుందని పిన్ని చెప్పిన మాటే చెవిలో ఉంది. నా గొంతు వీళ్ళకు పరాయిది. భయం మాట పరాయి గొంతులో వినిపిస్తే ఏమవుతుందో నాకు తెలియదు. తెలుసుకోవాలన్న కుతూహలంతో చెయ్యగలిగే ప్రయోగం కాదది. పిన్నిని పాపతో కలిసి పడమర గుమ్మటంలో పడుకోమన్నాను. "నా ఒక్క పిల్లనీ పట్టుకుపోతే మిగతా పిల్లలో?" అంది. మా గుమ్మటంలో పసిపిల్లలు ఎంతమంది ఉన్నారో నేను అప్పటి దాకా ఆలోచించనే లేదు.

ఇంకొకటి తట్టింది ఈ రోజు. వాగుడు గదిలో ఏమైనా అనొచ్చు, ఎవరూ బదులు పలకరు. పలుకుబందు పడ్డవాడూ ఏమైనా అనొచ్చు, ఎవరూ బదులు పలకరు. వీళ్ళు స్వేచ్ఛ అని దేన్ని అంటున్నారో శిక్ష అని కూడా దాన్నే అంటున్నారు. మొదటి శుక్రవారం నేను ఎంత మురిసిపోయానో తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఐదో వారం, శుక్రవారం

వరసగా రాస్తాను.

వాగుడు గదికి పిన్ని ఎప్పుడూ వినడానికే వెళ్తుంది. ఈ రోజు పాపను భుజాన వేసుకుని లేచింది. "నా మనవరాలు ఏడవట్నేదు. మీరందరూ మా గుమ్మటంలోకి వచ్చీసినారు. గాలి సాలట్నేదు. మైకమ్మ మీటరు సూపించినాది" అంది. అందరూ విన్నారు. ఎవరూ పలకలేదు. గంట కొట్టారు.

కుండ దగ్గర వరస కదిలింది. పిన్ని వంతు వచ్చింది. ఆవిడ కుండను దాటి వెళ్ళిపోయింది. వెనకున్న మనిషి చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. నడి సంతలోకి వెళ్ళి నిలబడి, గదిలో అన్న మాటలే మళ్ళీ అంది. అరవలేదు. చేపల బేరం ఆడేటప్పటి గొంతే అది.

"ఉత్తర గొట్టం కారతన్నాదని మీకు తెలుసు, నాకూ తెలుసు. ఎంత కారతన్నాదో ఎవులికైనా తెలుసేటి?"

సంతలో ఉన్నవాళ్ళందరూ తమ కాళ్ళ వైపు చూసుకున్నారు. నాకు తెలుసు. మావయ్య చెప్పాడు. నోరు తెరిస్తే చాలు. నాకు భయం వేసింది, ఉన్నమాట. ఎవరైనా పరిగెత్తుతారేమోనని గొట్టాల వైపు చూస్తూ ఉండిపోయాను. పిన్ని ఇంకోసారి అడిగింది. పాప తల ఆవిడ భుజం మీద నుంచి జారుతోంది.

"కొంచెమే, సెల్లీ."

సింహాద్రి మావయ్య. గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయనా పుక్కిలించలేదు.

"సెయ్యి అడ్డెట్టి సూసినాను. వారంలో కుట్టీవొచ్చు."

"మరి నా మనవరాలికి గాలో?"

"జనం ఆలాల గుమ్మటాలకి ఎల్లిపోతే సాయంత్రానికి బాగవుతాది."

జవాబు వచ్చింది. అంతే, జనం నోళ్ళు తెరుచుకున్నాయి. ఉత్తరం వాళ్ళు పడమరలో పడుకోవచ్చా అని ఒకరు, కుట్టడానికి ఎందరు కావాలని ఒకరు, ఏ అతుకు అని తవిటయ్యను చొక్కా పట్టుకుని అడిగినవాడు ఒకడు. తవిటయ్య తన జన్మలో మొదటిసారి ఎవరో తనను ప్రశ్న అడిగినందుకు తబ్బిబ్బయి, చేతులతో గాలిలో గొట్టం బొమ్మ గీసి చూపించాడు. ఎవరూ పరిగెత్తలేదు. అడగాల్సినవి అన్ని ఉంటే ఇంక పరుగెక్కడిది?

సాయంత్రం పరుపులు చుట్టుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని, జాతర నుంచి తిరిగెళ్తున్నట్టు వెళ్ళారు. పిన్ని ఆడపడుచు వెళ్తూ మిగిలిన పులుసు గిన్నె కూడా పట్టుకుపోయింది. చీకటి పడే వేళకు నా మీటరు మాట మార్చింది. ఇంకాసేపటికి పాప కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, ఇల్లు ఎగిరిపోయేలా ఏడవడం మొదలుపెట్టింది. దాలమ్మ పాలివ్వడం మరిచి నవ్వుతోంది. పిన్ని వంటగదిలోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆరో వారం, ఆదివారం

ఊరు కూర్చుని తీర్పు చెప్పింది. మాట మోసినందుకు పిన్నికి, బదులు పలికినందుకు సింహాద్రి మావయ్యకు పలుకుబందు. తనకు కూడా వెయ్యమని మావయ్యే పట్టుబట్టాడు. సంతలో ఇంకా ఎవరెవరు నోరు విప్పారో మాత్రం ఎవరికీ గుర్తు లేదట! మావయ్య స్థానంలో నాగన్న అనే ఆయన పెద్దరికం చేస్తాడు, నెల రోజులు.

నేను కోపంగా వెళ్ళి నాగన్నను అడిగాను, ఇదేం న్యాయమని. పాప బతికింది కదా అన్నాను. "బతికినాదమ్మా. మేమూ సంతోషించినాం. గానీ రేపు ఇంకెవుడో ఒట్టి మాట మోసుకొచ్చి సంతలో పడీస్తే?" అన్నాడు. దీనికి జవాబు ఇంకా వెతుకుతున్నాను.

ఆరో వారం, మంగళవారం

ఒకే ఇంట్లో ఉంటూ పిన్నితో మాట్లాడకూడదు. ఆవిడ నన్ను ఏడిపించడానికి రోజంతా ప్రశ్నలు వేస్తుంది. "అమ్మాయ్, నీకు పెళ్ళి సంబంధం సూడమంటావా వొద్దా? పలకట్నేదంటే సూడమనే." దాలమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పారిపోతుంది. నవ్వు బదులు కిందికి వస్తుందో రాదో ఎవరూ తేల్చలేదు.

మధ్యాహ్నం సింహాద్రి మావయ్య వచ్చి గుమ్మం మెట్టు మీద పిన్ని పక్కన కూర్చున్నాడు. పలుకుబందు పడ్డ ఇద్దరు ఒకరితో ఒకరు మాట్లాడకూడదని నియమం లేదట. ఎప్పుడూ ఒకేసారి ఇద్దరికి పడలేదు గనుక ఎవరికీ తట్టలేదు. ఆయన తన కూతురి సంగతి ఎత్తాడు. పేరు నీలవేణి. పీత కాళ్ళు వండకముందే కొరికేసేదట. తలుపు రోజు తరవాత ఆ పేరు ఆయన నోట వినడం ఇదే మొదలని దాలమ్మ నా చెవిలో చెప్పింది. ఆ పిల్ల జడ ఎంత పొడుగని పిన్ని అడిగింది. ఆయన చెప్పాడు. బడిలో ఎలా ఉండేదని అడిగింది. చెప్పాడు. దీపాల వేళ దాకా పిన్ని అడుగుతూనే ఉంది. నేను గోడ వెనక కూర్చుని వింటూ వైర్లు చుట్టడం మరిచిపోయాను.

ఆరో వారం, గురువారం

పిన్ని ఆడపడుచు మళ్ళీ వచ్చింది. పీతల పులుసు తినాలనిపించిందట. చంకలో పరుపు చుట్ట ఉంది.

అతుకు కుట్టడం ఎంత వరకు వచ్చిందో ఎవరూ చెప్పడం లేదు. చెబితే అది కారుతోందని అన్నట్టే. ఎదురింటి గుమ్మంలో కూడా కొత్త చెప్పులు కనబడ్డాయి.

నేను ఉత్తర గొట్టానికి వెళ్ళాను. కుట్టేవాళ్ళను అడిగాను, అతుకు కింద చెయ్యి పెట్టి చూశాను, మా గుమ్మటంలో మీటరు చూశాను. అక్కణ్ణించి తిన్నగా మైకు గదికి వెళ్ళి స్విచ్చు నొక్కాను.

"ఉత్తర గొట్టం ఇంకా కారుతోంది. నిన్నటికంటే తక్కువ. అతుకు సగం కుట్టారు. దక్షిణ గుమ్మటంలో గాలి బాగుంది, అందరూ వచ్చి పడుకుంటే బాగుండదు. నేను చూసింది ఇంతే. నమ్మకపోతే వెళ్ళి చూడండి, అడగండి."

నాగన్న వచ్చాడు. గొట్టాల్లో పరిగెత్తకూడదు గనుక చాలా వేగంగా నడిచి వచ్చాడు. భయం మాట బయట అన్నందుకు నాకు పలుకుబందు. మొహం మాత్రం కోపంగా లేదు. దారిలో పిన్ని ఆడపడుచు ఎదురైంది. పరుపు చుట్ట చంకనే ఉంది, తన ఇంటి వైపు తిరిగి వెళ్తోంది.

ఆరో వారం, శుక్రవారం

పొద్దున్నే గుమ్మం మెట్టు మీద ముగ్గురం కూర్చున్నాం. నా దగ్గర ప్రశ్నలు ఎన్ని పేరుకున్నాయో, పిన్ని దగ్గర జవాబులు అన్ని ఉన్నాయి. సింహాద్రి మావయ్య మధ్యలో అడిగాడు: "మరి ఈయేల అతుకు సంగతి ఎవులు సెప్తారు? నీ నోరు కట్టీసినారు గదా."

తెలియదన్నాను. మైకు గదికి తాళం ఉందా అని అడిగాడు. లేదన్నాను.

అప్పుడే గోడ మీద నా కొత్త స్పీకరు గరగరలాడింది. ఎవరో మైకును నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నారు.

"ఉత్తర గొట్టం ఇంకా కారతన్నాది. నిన్నటికన్నా తక్కువ. సెవి పెట్టి ఇన్నాను" అంది తవిటయ్య గొంతు. "నాగన్న కూడా గుడ్డి పీతే. నాకూ పలుకుబందేనని తెలుసు. వస్తన్నాను."

పిన్ని పాపను ఒళ్ళోకి తీసుకుని, మెట్టు మీద ఇంకొంచెం జరిగింది.